నివురు కింద నిప్పు: ఇంటి బూడిదను ఎత్తి వదిలించుకునే పద్ధతి

పొయ్యి ఆరినట్టు కంటికి కనబడటానికీ, అది నిజంగా ఆరడానికీ మధ్య ఒక రోజు నుంచి నాలుగు రోజుల దాకా తేడా ఉండొచ్చు. బూడిద లోపలి వేడిని బయటికి పోనివ్వదు, గాలిని మాత్రం కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. అందుకే శనగగింజంత నిప్పు కణిక కూడా దాని కింద చాలాసేపు బతుకుతుంది. పాతరోజుల్లో రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి పెట్టి, తెల్లారి ఊది మళ్ళీ రాజేసుకునేవాళ్ళు. నిప్పు మీద పేరుకునే ఆ తెల్లటి పొరే నివురు. బూడిద ఎత్తేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే.

గ్యాస్ వచ్చాక హైదరాబాద్ ఇళ్ళలో బూడిద ఎక్కడుందనిపిస్తుంది గానీ, చూస్తే చాలాచోట్ల ఉంది. చలికాలం స్నానాలకు కట్టెలేసి కాచే రాగి బాయిలర్, బొగ్గుల సిగిడి, డాబా మీద బార్బెక్యూ, దమ్ కోసం దేగిశా మూత మీద పోసిన నిప్పులు, గృహప్రవేశం హోమగుండం, సాంబ్రాణి, లోబాన్ ధూపం, భోగి మంట, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వేసుకునే చలిమంట. వీటన్నిటి బూడిదా ఒకటి కాదు.

ఏం కాలిందో ముందు చూసుకోండి

వేప, తుమ్మ, సరుగుడు లాంటి మామూలు కట్టె, కట్టెబొగ్గు, కొబ్బరి చిప్పలు, పిడకలు కాలిస్తే వచ్చేది మంచి బూడిద. మొక్కలకూ పనికొస్తుంది, గిన్నెలకూ పనికొస్తుంది. రంగు వేసిన పాత తలుపులు, కిటికీ చెక్కలు, ప్లైవుడ్, లామినేట్ ముక్కలు, ప్లాస్టిక్ కలిసిన చెత్త కాలిస్తే వచ్చేది చెడ్డ బూడిద. పాత ఇళ్ళు పడగొట్టినచోట చవగ్గా దొరికే ద్వారబంధాల కట్టెతో బాయిలర్ మండించేవాళ్ళు నగరంలో చాలామంది ఉన్నారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, చెదలు పట్టకుండా మందు పెట్టిన కలపలో క్రోమియం, ఆర్సెనిక్ ఉండొచ్చు. కట్టె కాలిపోయినా ఈ లోహాలు కాలిపోవు, చాలావరకు బూడిదలోనే మిగులుతాయి. అలాంటి బూడిద తోటకూ వద్దు, గిన్నెలకూ వద్దు. రాతిబొగ్గు బూడిదదీ ఇదే దారి.

ఎంత వస్తుందో అంచనా ఉంటే డబ్బా ఎంపిక తేలిక. బాగా ఎండిన కట్టె పది కిలోలు పూర్తిగా కాలితే సుమారు 100 నుంచి 150 గ్రాముల బూడిద మిగులుతుంది. బెరడు ఎక్కువుంటే ఇంకాస్త పెరుగుతుంది. రోజుకు మూడు నాలుగు కిలోల కట్టె తినే బాయిలర్‌కు నెలకు కిలోన్నర, అందులో కాలని బొగ్గు ముక్కలు కూడా కలిస్తే ఒక ఐదు లీటర్ల డబ్బా నిండుతుంది. కట్టెబొగ్గుకు బూడిద శాతం ఇంకాస్త ఎక్కువ. రాతిబొగ్గు సంగతి వేరు. మన దేశపు రాతిబొగ్గులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బూడిద ఉంటుంది కాబట్టి పది కిలోలు కాలిస్తే మూడు కిలోలకు పైనే ఎత్తాల్సి వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

బిగువైన మూత ఉన్న లోహపు డబ్బా అన్నిటికన్నా ముఖ్యం. 15 నుంచి 20 లీటర్ల స్టీలు బియ్యం డబ్బా దీనికి చక్కగా సరిపోతుంది. బేగంబజార్ గిన్నెల దుకాణాల్లో సొట్టలు పడ్డవి తక్కువ ధరకే దొరుకుతాయి, బూడిదకు సొట్ట అడ్డం కాదు. 15 కిలోల నూనె రేకు డబ్బా చాలామంది వాడతారు గానీ దానికి మూత ఉండదు, కోసిన అంచు చేతికి గీసుకుంటుంది. అదే వాడాల్సి వస్తే అంచును సుత్తితో లోపలికి మడిచి, పైన సరిపడా ఇనుప పెనం బోర్లించండి. జింక్ పూత బకెట్ పొడి బూడిదకు పర్వాలేదు. తడి తగిలితే మాత్రం బూడిదలోని క్షారం ఆ పూతను తినేస్తుంది. ప్లాస్టిక్ బకెట్, పెయింట్ డబ్బా, అట్టపెట్టె, గోనెసంచి వాడకండి. నాలుగు రోజులు దాటిన బూడిదకు తప్ప ఇవి పనికిరావు.

ఎత్తడానికి రేకు చేట, తాపీ ఉంటే చాలు. తాపీ మొన మూలల్లోకి పోతుంది, చెక్క పిడి వేడెక్కదు. వీటితోపాటు ఇనుప ఊచ, పట్టకారు, నీళ్ళు సన్నగా చిమ్మే స్ప్రే సీసా, తడిగుడ్డ, పాత వార్తాపత్రికలు, మందపాటి తోలు చేతితొడుగులు, ఎన్95 మాస్కు. ముక్కుకు కట్టుకునే దస్తీ సన్న బూడిదను ఆపదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు ఆ కాసేపు అక్కడ లేకుండా చూడండి.

ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగకండి. సన్న పొడి దాని ఫిల్టర్‌లోంచి దూరి వెనకనుంచి గదంతా పడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఒక్క కణిక లోపలికి పోయినా సంచిలోని దుమ్ముకు జోరు గాలి తోడై అంటుకుంటుంది.

ఎప్పుడు ఎత్తాలి

చివరిసారి మండించాక కనీసం 24 గంటలు ఆగండి. ఆ తర్వాత ఎత్తినా అది లోహపు డబ్బాలోకే పోవాలి. అక్కడ మరో మూడు రోజులు మూత పెట్టి ఉంచాకే సంచిలోకి మార్చండి. రోజూ మండే బాయిలర్‌కు పూర్తిగా 24 గంటలు ఆగడం కుదరకపోవచ్చు కాబట్టి, ఉదయం స్నానాల బూడిదను మర్నాడు ఉదయం రాజేయబోయే ముందు ఎత్తడం మంచి వేళ. తెల్లవారుజామున గాలి కూడా తక్కువగా ఉంటుంది.

బూడిదలో నేరుగా చెయ్యి పెట్టి చూడకండి. ముందు ఊచతో అడుగుదాకా కలియబెట్టి, లైట్లు ఆర్పి చూడండి. పగలు కనబడని ఎర్రదనం చీకట్లో తెలుస్తుంది. తర్వాత అరచెయ్యి వెనకభాగాన్ని బూడిదకు జానెడు ఎత్తున ఉంచండి. వెచ్చదనం తగిలితే ఇంకా ఆగాలి. చివరగా స్ప్రేతో రెండు మూడు చోట్ల చిమ్మి చూడండి. చుయ్‌మన్నా, ఆవిరి లేచినా నిప్పుందని అర్థం. పైపైన చల్లగా ఉండి లోపల కాలుతుండటం మామూలే కాబట్టి కలియబెట్టకుండా చేసిన ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు.

ఎత్తే విధానం

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఇది చిన్న విషయంగా కనబడుతుంది గానీ, వంటింట్లో పప్పుడబ్బాల మీదికి బూడిద చేరడానికి మొదటి కారణం ఇదే. ఎదురెదురు కిటికీలు మూసి, ఒక్క తలుపు తెరిచి ఉంచండి. పొయ్యి ముందు తడిపి పిండిన వార్తాపత్రిక రెండు మడతలు పరవండి. జారిపడ్డ బూడిద దానికి అంటుకుంటుంది, కణిక పడ్డా వెంటనే రాజుకోదు.

స్ప్రే సీసాను అర మీటరు ఎత్తున పట్టుకుని మంచు కురిసినట్టు రెండు మూడు సార్లు చిమ్మండి. పైపొర కొంచెం నల్లబడితే చాలు. ముద్ద కట్టేంత తడి వద్దు. చెంబుతో ఎప్పుడూ పోయకండి. వేడి బూడిద మీద నీళ్ళు ఒక్కసారిగా పడితే ఆవిరి బూడిదను ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బాగా వేడి మంటలో కాలిన తెల్లటి బూడిదలో కొంత పొడి సున్నం కూడా ఉంటుంది, నీళ్ళు తగిలితే అది తనంతట తానే వేడెక్కుతుంది.

తాపీని అడుగునుంచి మెల్లగా తోసి, కొద్దికొద్దిగా చేటలోకి తీసుకోండి. చేటను డబ్బా లోపలికంటా దించి, ఒక పక్కకి వంచి జారనివ్వండి. పైనుంచి కుమ్మరిస్తే లేచిన పొడి సర్దుకోవడానికి పావుగంట పడుతుంది. డబ్బాను మూడింట రెండు వంతులకు మించి నింపకండి. ఎత్తడం అయ్యాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, గాలిలో పొడి దిగాక మూత బిగించండి.

కట్టెల పొయ్యిలో, బాయిలర్ కింద అంగుళంలోపు బూడిద మిగల్చండి. ఆ పరుపు నిప్పును నిలుపుతుంది, అడుగు రాయినో రేకునో కాపాడుతుంది. సిగిడికి మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ గాలి కింది గుంట లోంచి జాలీ గుండా పైకి పోవాలి. గుంట నిండితే బొగ్గు సగం కాలి ఆరిపోతుంది, పొగ, విషవాయువు పెరుగుతాయి. బూడిద జాలీకి తగిలేదాకా వస్తే కింది గాలితో చల్లబడే దారి పోయి జాలీ వంగిపోతుంది. జాలీ తరచూ మార్చాల్సి వస్తోందంటే ముందు కింద ఎంత బూడిద పేరుకుందో చూడండి.

నేల మీద మిగిలినదాన్ని చీపురుతో ఊడవకండి. తడిగుడ్డను ఒకే వైపుకి లాగుతూ తుడవండి, మడత మార్చి మళ్ళీ తుడవండి. గ్రానైట్, టైల్స్ మీద తడి బూడిదను ఆరనిస్తే తెల్లటి చారలు నిలుస్తాయి కాబట్టి రెండోసారి శుభ్రమైన నీళ్ళ గుడ్డ పెట్టండి. మార్బుల్ మీద వెనిగర్, నిమ్మకాయ వాడకండి, చార పోకపోగా మెరుపు పోతుంది. చేతులు సబ్బుతో కడిగాక కాస్త కొబ్బరినూనె రాయండి. బూడిద క్షారం చర్మంలోని జిడ్డును లాగేస్తుంది.

డబ్బా ఎక్కడ ఉంచాలి

ఆరుబయట, రెండు ఇటుకల మీద, గోడకూ కట్టెల కుప్పకూ మూడు మీటర్ల దూరంలో. గ్యాస్ సిలిండర్, స్కూటర్, ఎండుటాకులు, ఆరేసిన బట్టలు దగ్గర ఉండకూడదు. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్ పార్కింగ్ అస్సలు వద్దు, అక్కడ ప్రతి బండిలోనూ పెట్రోలు ఉంటుంది. అనుమతి తీసుకుని డాబా మీద నీళ్ళ ట్యాంకుకు, ప్లాస్టిక్ పైపులకు దూరంగా పెట్టుకోండి.

ఇంట్లోకి మాత్రం తేకండి. పొగ లేదు కదా అని గదిలో పెట్టుకున్న కుంపటిలోంచీ, సగం ఆరిన బూడిద డబ్బాలోంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాళ్ళకు తెలియదు. చలికాలంలో తలుపులు మూసుకుని కుంపటి పక్కన పడుకున్న కుటుంబాలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది. కట్టె బూడిదలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాక్కుంటాయి. మూత వదులుగా ఉంటే బూడిద గడ్డకడుతుంది, ఇనుప డబ్బా అడుగు రెండు సీజన్లలో తుప్పు తింటుంది. జూన్ రాకముందే డబ్బా ఖాళీ చేసి ఎండబెట్టుకోండి.

నాలుగు రోజులు ఆగే వీలు లేదా? అప్పుడు నీళ్ళలో ఆర్పాలి. బూడిద మీద నీళ్ళు పోయడం కాకుండా, నీళ్ళలో బూడిద వేయాలి. జింక్ పూత లేని ఇనుప బకెట్‌లో సగం నీళ్ళు పోసి బయట పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కకి నిలబడి ఒక్కో తాపీ వేస్తూ కలపండి. అల్యూమినియం గిన్నె వాడితే క్షారం దాన్ని తింటుంది, మండే వాయువు వస్తుంది. తేరిన నీళ్ళు సబ్బులా జారుతుంటాయి, గాఢమైన క్షారం అది. పదింతలు నీళ్ళు కలిపి బాత్‌రూమ్ మోరీలో వదలండి, అడుగు ముద్దను ఎండలో ఆరబెట్టండి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి. పసుపు, టూత్‌పేస్ట్, బూడిద ఏదీ రాయకండి.

బయటికి పంపడం

పూర్తిగా చల్లారిన బూడిదను జల్లెడ పట్టండి. పైన మిగిలిన బొగ్గు ముక్కలు మళ్ళీ సిగిడిలోకి పోతాయి. ప్యాకింగ్ చెక్కలు కాల్చి ఉంటే మేకులు కూడా ఉంటాయి, ఒక అయస్కాంతం తిప్పితే వచ్చేస్తాయి. చెత్త ఎత్తే చేతుల్లో గుచ్చుకునేవి అవే. జల్లించిన బూడిదను మందపాటి కవర్‌లో సగానికి మించకుండా నింపి, గాలి తీసి ముడివేసి, దాన్ని మరో కవర్‌లో పెట్టండి. పైన పెద్ద అక్షరాలతో ‘బూడిద’ అని రాయండి.

దీన్ని తడి చెత్త డబ్బాలో వేస్తే కంపోస్టుకు పోవాల్సిన కూరగాయ చెత్తలో కలిసిపోతుంది, రంగుల కట్టె బూడిదైతే ఆ ఎరువంతా చెడుతుంది. పొడి చెత్తలో వేస్తే కాగితం, ప్లాస్టిక్ పక్కన చేరుతుంది. విడి మూటగా ఉంచి, ఉదయం చెత్త ఆటో వచ్చినప్పుడు చేతికిచ్చి, ‘ఇది బూడిద, నాలుగు రోజుల కింద ఆరింది’ అని చెప్పండి. ఒక్క కణిక ఉన్నా ఆటోలోని చెత్త దారిలోనే అంటుకుంటుంది. ఆ చెత్తను చేతులతో వేరుచేసే మనిషికి పొడి ముఖాన పడుతుంది. ఆ ఒక్క మాట చెప్పడం మన బాధ్యత. నగరం చెత్త చివరికి చేరే జవహర్‌నగర్ యార్డులో ఇప్పటికే పేరుకున్నది చాలు. మంచి బూడిదను ఇంట్లోనే వాడుకుని, చెడ్డదాన్ని మాత్రమే పంపడం మేలు.

సింకులో, మోరీలో బూడిద పోయకండి. నీళ్ళలో కరగని భాగం పైపు వంపులో కూర్చుంటుంది, వంట జిడ్డుతో కలిసి గట్టి గారలా పట్టుకుంటుంది. రోడ్డు నాలాలోకి తోస్తే మూసీకి చేరుతుంది. రోడ్డు పక్క చెట్టు మొదట్లో కుప్పపోయడం కూడా తప్పే. వేడిగా ఉంటే బెరడు కాలుతుంది, చల్లారినా కుప్పగా ఉన్న క్షారం వేళ్ళను చంపుతుంది. ఖాళీ ప్లాటులో పోస్తే చలిరాత్రుల్లో వీధికుక్కలు వెచ్చదనం కోసం అందులోనే పడుకుని ఒళ్ళు కాల్చుకుంటాయి.

మొక్కలకు, గిన్నెలకు

బూడిదలో ఎక్కువగా ఉండేది కాల్షియం, తర్వాత పొటాష్, కొంచెం భాస్వరం. నత్రజని ఉండదు, అది పొగతోనే పోతుంది. పెరటి నేలకు చదరపు మీటరుకు 50 నుంచి 70 గ్రాములు, ఏడాదికి ఒకసారి చాలు. 12 అంగుళాల కుండీకి నాలుగు నెలలకు ఒక చెంచా, మట్టిలో కలిపి. ఎక్కువైతే మట్టి క్షారం పెరిగి లేత ఆకులు పసుపురంగుకి తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము అందని లక్షణం. హైదరాబాద్‌లో ఈ పొరపాటు త్వరగా జరుగుతుంది, ఎందుకంటే మన బోరు నీళ్ళే చాలాచోట్ల కఠినజలం. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఆ మట్టికి బూడిద అవసరం లేదు. అనుమానంగా ఉంటే పిడికెడు ఎండు మట్టి మీద కొంచెం వెనిగర్ పోయండి. బుసబుసమంటే సున్నం ఇప్పటికే ఉంది. కరివేపాకుకు, గులాబీకి వేయకపోవడమే మంచిది. యూరియాతో, పచ్చి పేడతో కలిపితే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, రెండింటికీ మధ్య నెల ఎడం ఉంచండి.

చిక్కుడు మీద పేనుబంకకు మంచు తడి ఉండగా పల్చగా చల్లడం పాత పద్ధతి. రెండు రోజులయ్యాక నీళ్ళతో కడిగేయాలి.

గిన్నెలకైతే పల్చటి బట్టలో జల్లించుకోండి, లేకపోతే ఇసుకరేణువులు గీతలు పెడతాయి. ఇనుము, కంచు, ఇత్తడికి బాగుంటుంది. అల్యూమినియం నల్లబడుతుంది, నాన్‌స్టిక్ పాడవుతుంది. రాగి బిందెకు చింతపండు, బూడిద కలిపి పూస్తే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ముందు చింతపండుతో తోమి కడిగి, తర్వాత పొడి బూడిదతో మెరుగు పెట్టండి.

ధూపం, హోమం, భోగి

సాంబ్రాణికి, లోబాన్‌కు వాడే త్వరగా అంటుకునే బొగ్గు బిళ్ళల్లో మంట నిలవడానికి రసాయనం కలుపుతారు. పైన తెల్లగా అయినా మధ్యలో చాలాసేపు ఎర్రగానే ఉంటుంది. ధూపం పాత్రను చెక్క మందిరంలో వదలకుండా స్టీలు పళ్ళెంలో ఇసుక పోసి దాని మీద ఉంచండి. ఈ బూడిద, అగరుబత్తి బూడిద, దోమల చుట్ట బూడిద మొక్కలకు వద్దు.

హోమగుండంలో నెయ్యి, కొబ్బరి చిప్పలు అడుగున సగం కాలి ఉంటాయి. అందుకని మామూలు కట్టె బూడిదకన్నా ఒక రోజు ఎక్కువ ఆగాలి. చెత్తలో వేయడానికి మనసొప్పనివాళ్ళు జల్లించి, తొక్కుడు తగలని చోట అడుగు లోతు గుంటలో పెరటి మట్టితో కలిపి పూడ్చవచ్చు. మూసీకి, చెరువుకు తీసుకెళ్ళనక్కర్లేదు.

భోగి మంట రోడ్డు మీద వేసేటప్పుడు కిందో నాలుగు అంగుళాల మట్టి పరిస్తే తారు కరగదు, బూడిద ఎత్తడం కూడా సులువు. పెద్ద కుప్ప ఉన్నది ఉన్నట్టు ఉంచితే మూడో రోజుకూ చల్లారదు. మంట ఆగాక పారతో పల్చగా విస్తరించి, అంచులనుంచి నీళ్ళు చిలకరించి, తిరగేసి, మళ్ళీ చిలకరించండి. ఆవిరి రావడం ఆగేదాకా ఇలా మూడు నాలుగు సార్లు. మర్నాడే సంక్రాంతి, తెగిన పతంగుల వెంట పిల్లలు చెప్పుల్లేకుండా ఆకాశం చూస్తూ పరిగెత్తుతారు. కాబట్టి ఈ పని భోగి పొద్దున్నే, ముగ్గులు ఆరకముందే ముగించి, చుట్టూ ఇటుకలు పేర్చి ఉంచండి. పాత కుర్చీలు, రంగు చెక్కలు కాలిన బూడిద కాబట్టి దాన్ని ఎవరి కుండీలకూ పంచకుండా, నాలుగు రోజుల తర్వాత మూటలు కట్టి ఆటోకు అందించండి.